అరవై రెండులో ఇంకొకరు

జూన్ 3, సోమవారం

ఇంకొకరున్నారు.

మధ్యాహ్నం కుస్తీ నేర్పే మాస్టారు ఫోన్ చేసి చెప్పారు. ఆయన సంగతి తెలిసిందే, ఇల్లు కూలిందన్నా కరెంటు బిల్లు వచ్చిందన్నా ఒకటే గొంతు. నెలాఖరున జరిగే నలభై దాటిన ఆడవాళ్ళ కుస్తీ పోటీల్లో, అరవై రెండు కిలోల విభాగంలో, నాతో పాటు ఇంకొకావిడ పేరిచ్చిందట. వేరే ఊరట. పళ్ళ డాక్టరట. సాయంత్రం ప్రాక్టీసుకు త్వరగా రమ్మని చెప్పి పెట్టేశారు. స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ లేరు. కుర్చీ వెనక్కి తోసి ఒక్క గెంతు గెంతాను. తర్వాతి గంటలో రెండో సంవత్సరం వాళ్ళకి తర్కం క్లాసు. తప్పుడు వాదనలు ఎన్ని రకాలో చెబుతూ బోర్డు మీద అరవై రెండు అని రాశాను. ఎందుకు రాశానో వాళ్ళకి చెప్పలేక చెరిపేశాను.

మా ఆయన కళ్ళద్దాల షాపు మూసి వచ్చాక చెప్పాను. "అయితే ఈసారి మ్యాట్ మీద రిఫరీ కాకుండా ఇంకో మనిషి కూడా ఉంటుందన్నమాట" అన్నాడు. పెళ్ళయినప్పటి నుంచీ అదే జోకు. జోకు కాదు, ఉన్నమాటే. యూనివర్సిటీ రోజుల్లో పోటీలకు వెళ్తే నా విభాగంలో నేనొక్కదాన్నే తేలాను. మ్యాట్ మధ్యకు రమ్మన్నారు, వెళ్ళాను. రిఫరీ నా చెయ్యి పైకెత్తాడు. చప్పట్లు కొట్టారు. దిగిపోయాను. బంగారు పతకం. చెమట కూడా పట్టలేదు. తర్వాతి ఏడాది మోకాలి దెబ్బ, ఆ పై ఏడాది పెళ్ళి, ఆపైన ఉద్యోగం. మా కోడలు గోల్డ్ మెడలిస్టు అని అత్తయ్య ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది. ఎలా గెలిచారండీ అని వాళ్ళు అడిగేసరికి నాకు వంటింట్లో ఏదో పని పడుతుంది.

ఒక్క ఆట చాలు నాకు. ఎదురుగా మనిషి ఉన్న ఆట.

జూన్ 5

పతకం నాకు ముఖ్యం కాదు. ఈ ముక్క ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను, తర్వాత మాట మార్చకుండా.

ఉదయం బరువు అరవై నాలుగు పైన. నెలాఖరుకు అరవై రెండు దాటకూడదు. కంగారేం లేదు. వారానికి ఒక్కసారే మిషను ఎక్కుతాను. ఊరికే ఎక్కి దిగుతూ ఉంటే మనసు పాడవుతుంది.

జూన్ 6

63.9.

జూన్ 6, సాయంత్రం

64.2. నీళ్ళు తాగాను. అందుకే.

జూన్ 9, ఆదివారం

హాల్లో ఒళ్ళు హూనమైంది. నాతో ప్రాక్టీసు చేసేది నేను అక్కా అని పిలిచే ఆవిడ ఒక్కతే. అంబులెన్సు నడుపుతుంది. నాకంటే మూడేళ్ళు పెద్ద, మూడు నాలుగు కిలోలు ఎక్కువ. స్ట్రెచర్లు ఎత్తీ ఎత్తీ ఆ చేతులు ఎలా తయారయ్యాయంటే, నడుం పట్టుకుందంటే ఇక ఏ ఊపిరి ముందు పీల్చాలో మనం ఆలోచించుకోవాలి. ఆమెది అరవై ఎనిమిది కిలోల విభాగం. అందులో ఇప్పటిదాకా ఆమె ఒక్కతే. ఆమెకు అంతకంటే సంతోషం లేదు.

"కుర్చీలో కూర్చుని కాళ్ళూపుకుంటూ గోల్డు తెచ్చుకుంటా లెక్చరమ్మా. నువ్వు అక్కడ కొట్టుకో, నేను చప్పట్లు కొడతా."

అది గెలుపెలా అవుతుందని అడిగాను. నైటు డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికొచ్చేదానికి ఏదైనా గెలుపే అంది. ఆమె మాట ఒప్పా, నా మాట ఒప్పా అని బస్సులో వచ్చినంతసేపూ ఆలోచించాను. నాకు దొరికినదాన్ని నేను చులకన చేస్తున్నానా? ఆడకుండా వచ్చిన పతకం కూడా ఎవరికైనా కలే కదా.

కాదు. నాకు ఆట కావాలి.

జూన్ 14

నోరు కట్టుకోవడం ఇంట్లో యుద్ధమైంది. నేను ఉడకబెట్టిన గుడ్డు, కీరా ముక్కలు ముందు పెట్టుకుని కూర్చుంటే అత్తయ్య నా పళ్ళెం వంక ఎవరో పోయినట్టు చూస్తుంది. ఇవాళ ఉండబట్టలేక అడిగేసింది.

"కొట్టుకోవడానికి వెళ్ళేవాళ్ళు ఎవరైనా బలం పెంచుకుంటారు. నువ్వేమిటమ్మాయ్, చిక్కిపోయి వెళ్ళి కొడతావా?"

ఎదుటావిడ కూడా అంతే చిక్కి వస్తుంది అత్తయ్యా అన్నాను. ఇద్దరూ చిక్కిపోయి కొట్టుకునే బదులు ఇద్దరూ తినేసి కొట్టుకోవచ్చుగా అంది. మా ఆయన నవ్వు ఆపుకోలేక నీళ్ళ కోసమని లేచాడు. ఇరవయ్యేళ్ళు తర్కం చెప్పినదాన్ని, ఈ వాదనలో తప్పెక్కడుందో పట్టుకోలేకపోయాను.

కాని ఒకటి. సరితూగని ఇద్దర్ని ఎదురెదురుగా నిలబెట్టకూడదని పైకి ఒప్పుకున్న చోటు నాకు తెలిసి ఇదొక్కటే. ఇంట్లో తగవులకు ముందు ఎవరూ కాటా ఎక్కించరు. కాలేజీలో ప్రిన్సిపాలుకీ గెస్టు లెక్చరర్‌కీ మాట పట్టింపు వస్తే ఎవరి బరువెంత అని ఎవరూ చూడరు. ఇక్కడ మాత్రం ముందు బరువు, తర్వాతే ఆట. రాస్తుంటే ఒళ్ళు పులకరించింది. రాశాక అనుమానం వచ్చింది. బరువొకటి సమానమైతే మిగతావి సమానమైపోతాయా? ఆవిడ చిన్నప్పటి నుంచీ ఆడుతోందేమో. ఆవిడకు మోకాళ్ళు బాగున్నాయేమో.

జూన్ 18

63. ఆవిడ ఎంత ఉందో.

జూన్ 21

ఆవిడ క్లినిక్కు ఫొటో ఫోన్లో వెతికి చూశాను. ఒక్కసారే. (మూడుసార్లు.) పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. తెల్లకోటు వేసుకుంది కాబట్టి భుజాలు అంచనాకు అందలేదు. మెడ మాత్రం చూశాను. పొట్టి మెడ, గట్టి మెడ. ఆ మెడను ఎలా వంచాలా అని ఫస్టియర్ పేపర్లు దిద్దుతూ ఆలోచించాను. ఎవరికో రెండు మార్కులు ఎక్కువే పడి ఉంటాయి.

మాస్టారు ఇవాళ కాలు పట్టు మీదే ఉంచారు. ఎదుటి మనిషి ముందడుగు వేసిన క్షణంలో కిందికి జారి ఆ కాలు గుండెకు హత్తుకుని లేవాలి. ఆలోచించకూడదు. నాతో వచ్చిన చిక్కే అది, నేను ఆలోచిస్తాను. ఆలోచించేలోపు ఆ కాలు ఇంటికెళ్ళిపోతుంది అన్నారు మాస్టారు. ఆయన జోకేశారని అర్థమయ్యేసరికి ఆయనా వెళ్ళిపోయారు.

జూన్ 25

62.4. మా ఆయన మీద ఊరికే అరిచాను. తలుపు వేసిన చప్పుడు ఎక్కువైందని. తలుపు వేసింది నేను.

జూన్ 29, శనివారం

61.9!

రేపే. నాకు నిద్ర పట్టదు. పట్టకపోయినా ఫరవాలేదు. ఆవిడకూ పట్టదు.

జూన్ 30, ఆదివారం, సాయంత్రం

పెదవి వాచింది. పెన్ను పట్టుకుంటే బొటనవేలు సలుపుతోంది. అయినా ఇవాళే రాయాలి, వరసగా, ఏదీ పోకుండా.

బరువులు చూసింది హాలు వెనక బట్టలు మార్చుకునే గదిలో. తెల్ల పలకల గోడలు, తడి నేల, చెక్క మీద కాటా. పల్చటి బట్టల్లో చేతులు కట్టుకుని ఓ పదిమంది ఆడవాళ్ళం వరసలో నిలబడ్డాం, నవ్వు వస్తున్నా బిగబట్టి. కాటా దగ్గరావిడ ముందు నిబంధనలు చదివింది. బరువు దాటితే పేర్లు రాసే కిటికీ మూసేదాకా టైము. దించుకుని మళ్ళీ రావచ్చు. ఇష్టమైతే తన బరువుకంటే ఒక్క విభాగం పైన ఆడవచ్చు, కాని అదీ కిటికీ మూసేలోపే చెప్పాలి, చెప్పాక మాట మార్చడానికి లేదు. ఎవరూ సరిగ్గా వినలేదు. నేనూ అంతే.

పళ్ళ డాక్టరు నా ముందే నిలబడి ఉంది. ఫొటోకంటే పొట్టి. వెనక్కి తిరిగి మీరేనా అని అడిగింది. నేనే అన్నాను. చెయ్యి కలిపింది. లవంగనూనె వాసన. ఆ చేతిలో పట్టు గట్టిది. ఆహా, ఇది నిజం మనిషి అనుకున్నాను.

ఆమె కాటా ఎక్కింది. 62.4.

దిగి మళ్ళీ ఎక్కింది. అంతే.

"నాలుగు వందల గ్రాములు ఎక్కువమ్మా. దించుకుని రండి. లేకపోతే ఇక ఆట లేదు, గోల్డు ఈవిడకే" అని, ఆవిడ వెనకే ఎక్కి 61.9 తూగిన నా వైపు చూపించింది కాటా దగ్గరావిడ. వెనక నుంచి ఎవరో కంగ్రాచ్యులేషన్స్ కూడా చెప్పారు. మళ్ళీ మ్యాట్ మధ్యకు ఒక్కదాన్నే నడవడం. మళ్ళీ ఆ చెయ్యెత్తడం. ఈసారి నలభై మూడేళ్ళ చెయ్యి.

ఆవిడ గోడకు ఆనుకుని నిలబడిపోయింది. పోయినేడాది కూడా కాటా దగ్గరే ఆగిపోయానండీ అంది, నాతో కాదు, నేలతో. నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. "పదండి, దించేద్దాం."

అక్క కారు ఎండలో ఉంది. అద్దాలన్నీ మూసి, హీటరు పూర్తిగా తిప్పి, మా ట్రాక్‌సూట్లూ తువ్వాళ్ళూ అన్నీ ఆవిడకు చుట్టి వెనక సీట్లో కూర్చోబెట్టాం. నేను పక్కన కూర్చుని ఆమె చేతులు రుద్దాను. అక్క ముందు సీట్లో పేపరు కప్పు పట్టుకుని, అదీ బరువేనని ఉమ్మమంటోంది. "రోజంతా అందర్నీ ఉమ్మండి ఉమ్మండి అంటాను, ఇవాళ నా వంతొచ్చింది" అంది డాక్టరు. ముగ్గురం పగలబడి నవ్వాం. నవ్వితే చెమట పడుతుందని అక్క ఇంకా ఏవేవో చెప్పింది, అవి ఇక్కడ రాయను.

మాస్టారు కిటికీ అద్దం మీద కొట్టారు. దించాను. ఎదుటి మనిషి బరువు మీరు దించుతారేమిటమ్మా అన్నారు. మొదటిసారి ఆయన గొంతు మారడం విన్నాను. పతకం చేతికొచ్చాక తోసేస్తారా అన్నారు. నేను అద్దం ఎక్కించేశాను. మాస్టారి మొహం మీద! తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది, అప్పుడు వెయ్యలేదు.

పరుగెత్తుకెళ్ళి చూశాం. 62.2. వెనక్కి వచ్చాం. ఆవిడ మెట్ల మీద ఎక్కి దిగింది, తాడు ఆట ఆడింది, మళ్ళీ కారు. ఈసారి చెమట రావడం మానేసింది. పెదవులు తెల్లగా పిడచకట్టాయి. పిక్క పట్టేసింది. ఏడుస్తోందని భుజాలు చూస్తే తెలిసింది గాని కళ్ళు పొడిగా ఉన్నాయి.

"కన్నీళ్ళు కూడా రావడం లేదు. వచ్చినా ఓ పది గ్రాములు పోయేవి."

నేను ఇంకో తువ్వాలు తీశాను. ఇది ఒప్పుకోవాలి, ఇంకో తువ్వాలు తీశాను నేను. ఆమె మణికట్టు పట్టుకుని ఉన్న అక్క మాత్రం హీటరు కట్టేసింది. "చాలు. నా బండెక్కేవాళ్ళ మొహాలు నాకు తెలుసు. ఇంకాసేపు ఉంటే ఈవిడ మ్యాట్ మీదకు కాదు, స్ట్రెచర్ మీదకు వెళ్తుంది." ఇంకొంచెం, ఇంకొంచెం అని బతిమాలుతోంది డాక్టరు. అక్క నీళ్ళ సీసా మూత తీసి ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ తాగదు. నా వైపు చూస్తోంది. తాగితే ఆట పోతుందని ఇద్దరికీ తెలుసు.

అప్పుడు తట్టింది. ఎంత చిన్న విషయం. నెలరోజులుగా ఆ అరవై రెండు ఏదో గది అయినట్టు, అందులో నేను కూర్చుని ఉంటే ఆవిడే తలుపు తోసుకుని లోపలికి రావాలన్నట్టు ఎదురుచూశాను. ఆవిడ కిందికి దిగలేదు. నాకు పైకి ఎక్కడానికి ఏమొచ్చింది?

తాగండి అన్నాను. తాగి అరవై ఎనిమిదిలోకి పేరు మార్పించండి, నేనూ వస్తున్నాను.

పరుగు. తడినేల మీద జారి గోడ పట్టుకున్నాను. కాటా దగ్గరావిడ కిటికీకి గొళ్ళెం పెడుతోంది.

"నేను పై విభాగానికి వెళ్తానండీ."

"మీరు అరవై ఒకటీ తొమ్మిది. ఇక్కడే ఉంటే గోల్డు మీదే. ఆడాల్సిన పని కూడా లేదు."

"అందుకేనండీ."

ఆమె గొళ్ళెం తీసి నా పేరూ, నా వెనకే వచ్చిన డాక్టరు పేరూ మార్చింది.

అక్క సంగతి నాకు గుర్తే లేదు. అరవై ఎనిమిదిలో ఆమె ఒక్కతే కదా, కుర్చీ, కాళ్ళూపడం. గుమ్మంలోకి వచ్చి సంగతి విని ఆగిపోయింది. ఆమె మొహంలో నిజంగానే కోపం వచ్చింది, నేను చూశాను. "కూర్చుని గెలుద్దామనుకుంటే ఇద్దర్ని తెచ్చి నెత్తిన పెట్టావు గదే" అంది. ఎప్పుడూ లెక్చరమ్మా అనేది, ఇవాళ గదే అంది. నేను ఏదో అనబోయాను. "ఏం మాట్లాడకు. మ్యాట్ మీద మాట్లాడుకుందాం."

మాట్లాడింది. మొదటి ఆట నాదీ ఆమెదీ. నన్ను దుప్పటి మడిచినట్టు మడిచింది. రెండు భుజాలూ నేలకు అంటుకున్నాయి. చిత్తు. ఈల మోగేసరికి నాకు కనిపించింది పైకప్పు, లైట్లు, అక్క గడ్డం. ఆరు కిలోల తేడా అంటే ఏమిటో రొమ్ము మీద తెలిసింది. సరితూగడం గురించి జూన్ పద్నాలుగున అంత గొప్పగా రాసుకున్నదాన్ని, నా అంతట నేనే వెళ్ళి ఆ బరువు కింద పడుకున్నాను. లేచాక అక్క నా వీపు దులిపి, కోపం పోయింది అంది.

తర్వాత డాక్టరు. ఈలోపు ఆమె నీళ్ళు తాగి, ఏదో తిని, కాళ్ళు చాపుకుని పడుకుని లేచింది. రంగు తిరిగింది. అయినా అడిగాను, ఆడగలరా అని. "మీరు ఆడగలరా?" అంది.

ఎదురుగా మనిషి! వంగి నిలబడి, చేతులు చాచి, నా కళ్ళలోకి కాకుండా నా నడుం వంక చూస్తున్న మనిషి. ఆమె మెడ నా అరచేతి కింద చెమటగా, వేడిగా, నేననుకున్నంత గట్టిగా ఉంది. తోసింది. తోశాను. నన్ను రెండుసార్లు పడేసింది. ఎలా పడ్డానో తెలియదు. మూడోసారి ఆమె ముందుకు అడుగు వేసింది. నేను ఆలోచించలేదు. ఆ కాలు నా గుండెకు తగిలాకే, అరె, కాలు పట్టుకున్నాను అని నాకు తెలిసింది. లేచాను. ఆమె ఒక్క కాలి మీద గెంతుతోంది. గెంతి గెంతి పడింది. నేను పైన. రెండు పాయింట్లు. హాల్లో ఎవరో అరిచారు. అది మాస్టారు!

లేచే తొందరలో ఆమె తల నా నోటికి తగిలింది. రక్తం. రిఫరీ ఆట ఆపాడు. హాలు డాక్టరు వచ్చేలోపే ఈ డాక్టరు నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని నా గడ్డం పట్టుకుంది. "నోరు తెరవండి. ఇంకా. పళ్ళు గట్టిగానే ఉన్నాయి. పెదవే చిట్లింది. కింద వరసలో ఒకటి పుచ్చుతోంది, తర్వాత చూపించుకోండి." లేచి వెనక్కి వెళ్ళి మళ్ళీ వంగి నిలబడింది. ఈల మోగగానే నన్ను ఎత్తి పడేసింది.

ఓడిపోయాను. ఆమెను అక్క ఓడించింది. మూడో స్థానం నాది. అరవై రెండు కిలోల వాళ్ళకు పతకాలిచ్చే మెట్ల దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. అక్క గోల్డు మెడలోంచి తియ్యకుండానే కారు నడిపింది, సిగ్నల్ పడ్డ ప్రతిచోటా అద్దంలో చూసుకుంటూ.

ఇంటికొచ్చాక అత్తయ్య నా పతకం రంగు చూసి కాస్త చప్పబడింది. ఎంతమందిలో మూడు అని అడిగింది. ముగ్గురిలో అన్నాను.

"మరి అంత నవ్వెందుకు?"

పెదవి నొప్పిగా ఉంది, నవ్వకుండా ఉండాలంటే కుదరడం లేదు.

రాసుకున్నది చదివాను. ఒక్కటి మింగుడుపడటం లేదు. ఆ ఇంకో తువ్వాలు. ఆవిడ కోసం కాదు, నా ఆట కోసం తీశాను. అక్క లేకపోతే?

జూలై 1, సోమవారం

పెదవి నల్లబడింది. ఎడమ కంటి కింద కూడా ఏదో తేలింది, రాత్రి లేదు. కాలేజీకి అలాగే వెళ్ళాను. పిల్లలు ఎవరూ నా మొహం వంక చూడకుండా ఎంత బుద్ధిగా నోట్సు రాసుకున్నారో.

మధ్యాహ్నం ఎకనామిక్సు మేడమ్ నన్ను స్టాఫ్‌రూమ్ మూలకు తీసుకెళ్ళి, తలుపు దగ్గరికి వేసి, నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఇంట్లో అంతా బాగానే ఉందా అని అడిగింది. బాగానే ఉందన్నాను. అందరూ మొదట అలాగే అంటారంది. తనకు తెలిసిన లాయరు ఒకావిడ ఉందట, నంబరిస్తానంది. మా ఆయన పాపం, కళ్ళద్దాలు కూడా మెల్లగా తుడుస్తాడు. అతను కాదండీ అన్నాను. మరి ఎవరు అంది. పళ్ళ డాక్టరు అన్నాను. ఆమె చేతుల పట్టు ఒక్క క్షణం సడలి మళ్ళీ బిగిసింది.

"ఇంతలా కొడుతుంటే మీరు ఊరుకున్నారా? తిరిగి ఏమీ చెయ్యలేదా?"

ఊరుకోలేదన్నాను. ఆమెను కూర్చోబెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను. బెల్లు కొట్టారు. నేనింకా ఆ కాలు పట్టుకున్న దగ్గరే ఉన్నాను.